శీనుగాడికి, ఫుట్‌బాల్ ఊరి నుంచి

ఫ్రిస్కో, టెక్సస్
నవంబరు, ఆదివారం

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోన్‌లో ఒక మాటన్నావు గుర్తుందా? "ఆ హెల్మెట్ల ఆటలో ఏముందిరా, నిమిషం ఆడతారు, పది నిమిషాలు నిలబడతారు, దానికి దేశం దేశమంతా వెర్రెత్తిపోవడమేంటి?" అని. అప్పుడే ఆఫీసు కాల్ నెత్తిమీదకొచ్చి జవాబు చెప్పలేకపోయాను. వాట్సాప్‌లో పెద్ద మెసేజ్ పెడితే బొటనవేలి బొమ్మొకటి పంపి ఊరుకుంటావు. అందుకే తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను. పైగా నిన్నొక విషయం అడగాలి, అది చివర్లో చెప్తా. ముందే అక్కడికి దూకకు.

నువ్వన్నదాంట్లో తప్పేం లేదు, ఇంకా తగ్గించే చెప్పావు. గడియారం ప్రకారం ఈ అమెరికన్ ఫుట్‌బాల్ గంటసేపే. టీవీలో మాత్రం మూడు గంటలు దాటిపోతుంది. 2010లో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక వాళ్లు కొన్ని మ్యాచ్‌లు ముందేసుకుని లెక్కగడితే, బంతి నిజంగా ఆటలో ఉన్న సమయం 11 నిమిషాలు తేలింది. మిగతాదంతా గుమిగూడటం, కోచ్‌లు నోటికి అట్ట అడ్డం పెట్టుకుని గుసగుసలాడటం, రీప్లేలు, బీరు ప్రకటనలు. అయితే ఇన్నేళ్లుగా చూసి నేను చెప్పేదేంటంటే, ఈ ఆటలో ఉన్న మజా అంతా ఆ ఆగడంలోనే ఉంది.

నీకూ నాకూ ఇది వింతగా అనిపించకూడదురా. టెస్ట్ మ్యాచ్‌లు చూసి పెరిగినవాళ్లం. కుంబ్లే బంతికీ బంతికీ మధ్య ఫీల్డర్‌ని రెండడుగులు జరిపితే దాని మీద హాస్టల్లో ఎంత వాదించుకునేవాళ్లం! సాకర్, అంటే మనం ఫుట్‌బాల్ అనేది, చూసేవాడికి ఊపిరి తీసుకునే సందుండదు, వాడికి ఈ ఆట చికాకే. క్రికెట్ వాడికి మాత్రం సగం శిక్షణ చిన్నప్పుడే అయిపోయి ఉంటుంది. ఆ సంగతి నాకు ఇక్కడి సోఫాలో కూర్చున్నాకే తెలిసింది.

నియమాలు క్లుప్తంగా చెప్తా, మళ్లీ అడక్కు. ఇటు పదకొండు మంది, అటు పదకొండు మంది. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు. ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకెళ్తే మళ్లీ నాలుగు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలివాళ్లకి. బంతితో అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. అంతదూరం చేరలేమనుకుంటే కాలితో తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపిస్తారు, దానికి మూడు. మిగతావన్నీ చూస్తుంటే వస్తాయి.

ఒక్కో అవకాశం నాలుగైదు సెకన్లలో ముగిసిపోతుంది. తర్వాతది మొదలుపెట్టడానికి దాదాపు 40 సెకన్లు ఇస్తారు. ఆ 40 సెకన్లు చూడాలి నువ్వు! క్వార్టర్‌బ్యాక్ అనేవాడు జట్టు బుర్ర. వాడి హెల్మెట్‌లో చిన్న స్పీకరుంటుంది, హెల్మెట్ వెనక ఆకుపచ్చ చుక్క కనిపిస్తుంది. కోచ్ ఆ స్పీకర్లో ఎత్తు చెప్తాడు. సమయం 15 సెకన్లకి వచ్చేసరికి లైను కట్. ఇక వాడి తెలివి, వాడి అదృష్టం. ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారో చూసి అప్పటికప్పుడు కేకేసి ఎత్తు మార్చేస్తాడు. అవతలివాళ్లూ తక్కువేం కాదు, ముందుకొస్తున్నట్టు నటించి వెనక్కి తగ్గుతారు. ఈలోగా సోఫా మీదున్న ప్రతివాడూ కోచే. "ఇంకా రెండు గజాలే, గుద్దుకుంటూ వెళ్లిపో" అని ఒకడు, "అందరూ అదే అనుకుంటున్నారు, అందుకే పైనుంచి విసరాలి" అని ఇంకొకడు. పక్కింటి పెద్దాయన రిటైరైన పోస్ట్‌మ్యాన్, మనిషి మహా నెమ్మది. మూడో అవకాశం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన నోటికి తాళం ఉండదు.

టీవీకి ఈ ఆట ఎందుకు అంతలా కుదిరిందో ఇప్పుడు చెప్పు? ఖాళీ ఉంది కాబట్టి రీప్లే వేయొచ్చు, విశ్లేషణ చెప్పొచ్చు, ప్రకటన అమ్మొచ్చు. టీవీలో వెంటనే రీప్లే వేయడం అనేది 1963 డిసెంబరులో ఆర్మీ, నేవీ జట్ల మధ్య జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్‌తోనే మొదలైంది. అప్పుడు చూసేవాళ్లు గందరగోళపడి, మళ్లీ స్కోర్ చేశారేమో అనుకుంటారని కామెంటేటర్ ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. 1998లో ఇంకో మాయ చేశారు. ఆ పది గజాలు ఎక్కడిదాకా వెళ్లాలో తెర మీద మైదానంలోనే పసుపు గీత గీసి చూపించడం. ఆటగాళ్ల కాళ్ల కింద ముగ్గేసినట్టే ఉంటుంది. మొదటిసారి స్టేడియానికెళ్లినవాళ్లు గడ్డి మీద ఆ గీత కోసం వెతుక్కోవడం నేను చూశాను.

ఆ టీవీ డబ్బు పంచుకున్న పద్ధతే అసలు కిటుకు. 1958 డిసెంబరులో న్యూయార్క్ యాంకీ స్టేడియంలో బాల్టిమోర్ కోల్ట్స్, న్యూయార్క్ జెయింట్స్ ఫైనల్ అదనపు సమయం దాకా వెళ్లి, కోల్ట్స్ 23-17తో గెలిచింది. కోట్లమంది దాన్ని ఇళ్లల్లో చూశారు. 1960 జనవరిలో ఈ ఆట పెద్ద లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి పీట్ రోజెల్ అనే కుర్ర కమిషనర్ వచ్చాడు, అప్పటికి ముప్ఫై మూడేళ్లవాడు. జట్లన్నీ విడివిడిగా కాకుండా కలిసి టీవీ హక్కులు అమ్ముకోవాలి, వచ్చింది సమానంగా పంచుకోవాలి అని పట్టుబట్టాడు. 1961లో దానికి చట్టమే చేయించాడు. పెట్టుబడిదారీ దేశంలో పెద్ద పెద్ద కోటీశ్వరులు కలిసి నడిపే వ్యాపారం ఇది, లోపల చూస్తే అచ్చం సహకార సంఘం! పైగా కాలేజీల నుంచి కొత్త ఆటగాళ్లని తీసుకునేటప్పుడు పోయినేడాది చిట్టచివర నిలిచిన జట్టే ముందు ఎంచుకుంటుంది. ఐపీఎల్ వేలంపాట లాంటిది కాదన్నమాట. ఓడినవాడికి మొదటి పిలుపు. అందుకే ఏ ఊరివాడైనా "వచ్చే ఏడాది మనదే" అనుకోవడానికి ఆస్కారముంటుంది.

దీనికి రుజువు విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే. లక్ష చిల్లర జనాభా, మన తెనాలి కంటే చిన్న ఊరు. ఆ ఊరికో ఎన్ఎఫ్ఎల్ జట్టుంది, ప్యాకర్స్. దానికి ఓనరంటూ ఎవరూ లేరు. 5 లక్షలమందికి పైగా మామూలు జనం షేర్లు కొనుక్కున్నారు. ఆ షేరుకి డివిడెండ్ రాదు, లాభానికి అమ్ముకోవడానికీ లేదు. గోడకి ఫ్రేము కట్టించి పెట్టుకుంటారు, అంతే. 80 వేలమంది పట్టే స్టేడియం వాళ్లది. సీజన్ టికెట్ల కోసం వెయిటింగ్ లిస్టులో లక్షకి పైగా పేర్లున్నాయి, పిల్లలు పుట్టగానే పేరు రాయించేవాళ్లున్నారు. విస్కాన్సిన్‌లో పాడి ఎక్కువ కదా, జున్నుముక్క ఆకారంలో పసుపు స్పాంజి టోపీలు పెట్టుకుని మంచులో కూర్చుంటారు. 1967 జనవరిలో జరిగిన మొట్టమొదటి సూపర్ బౌల్, అంటే ఏడాది చివరి ఫైనల్, గెలిచింది కూడా వీళ్లే. కప్పుకి ఇప్పుడున్న లొంబార్డీ అనే పేరు అప్పటి వాళ్ల కోచ్‌ది.

ఇంకొక సంగతి. ఒక్కో జట్టుకి లీగ్ దశలో 17 మ్యాచ్‌లే, వారానికొకటి. అంటే ఒక మ్యాచ్ అయ్యాక ఆరు రోజులు దాని పోస్ట్‌మార్టమే. సోమవారం ఆఫీసులో ఎవడి ముఖం చూసినా వాడి జట్టు గెలిచిందో ఓడిందో చెప్పేయొచ్చు. మాకిక్కడ డాలస్ కౌబాయ్స్. ఫోర్బ్స్ లెక్కలో దాని విలువ వెయ్యి కోట్ల డాలర్లు దాటింది. ప్రపంచంలో ఏ ఆటలోనూ అంత విలువైన జట్టు లేదు. కానీ చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో! అయినా ఈ జనం ప్రతి సెప్టెంబరులోనూ ఈసారి కప్పు మనదేనంటారు. మన బెంగళూరు ఐపీఎల్ అభిమానుల పద్దెనిమిదేళ్ల ఎదురుచూపు వీళ్ల ముందు ఏపాటిది?

సరే, డబ్బు గొడవ వదిలెయ్. నాకు ఈ ఆట అర్థమైంది టీవీలో కాదు, శుక్రవారం రాత్రుల్లో.

వారంలో రోజులు పంచేసుకున్నారు వీళ్లు. శుక్రవారం హైస్కూళ్లది, శనివారం కాలేజీలది, ఆదివారం ఎన్ఎఫ్ఎల్‌ది. అలవాటుగా జరిగిపోతోందనుకోకు, ఇందాక చెప్పానే 1961 చట్టం, అందులోనే దీనికో తిరకాసుంది. సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య దాకా శుక్రవారం రాత్రీ శనివారమూ పెద్ద లీగ్ మ్యాచ్‌లు టీవీలో వేసి బడి, కాలేజీ మ్యాచ్‌ల జనాన్ని లాగేసుకోకుండా కట్టడి పెట్టారు.

టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే మన తిరునాళ్లే. మా పక్క ఊరు ఆలెన్‌లో 2012లో హైస్కూల్ కోసం 18 వేలమంది పట్టే స్టేడియం కట్టారు, దాదాపు 6 కోట్ల డాలర్లతో. హైస్కూల్‌కిరా! రెండేళ్లు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్లిచ్చి మూసేశారు, బాగుచేసి మళ్లీ తెరిచారు. మా ఫ్రిస్కోలో ఇంకో రకం. కౌబాయ్స్ వాళ్ల ప్రధాన కార్యాలయం, ప్రాక్టీసు మైదానం ఇక్కడే, ద స్టార్ అంటారు. అందులో 12 వేల సీట్ల ఇండోర్ స్టేడియం ఉంది. కోట్ల జీతాలు తీసుకునే ఆటగాళ్లు ప్రాక్టీసు చేసే ఆ మైదానంలోనే మా ఊరి బడిపిల్లలు మ్యాచ్‌లాడతారు. ఊరికీ బడులకీ జట్టుకీ మధ్య అలా ఒప్పందం కుదిరింది.

ఫ్రిస్కోలో మనవాళ్లు ఎంతమందున్నారో నీకు తెలుసు. కిరాణా కొట్టుకెళ్తే గుంటూరు యాస వినపడుతుంది. మొదట్లో మనవాళ్లు ఈ ఆటకి దూరంగానే ఉండేవాళ్లు. మార్చింది పిల్లలే. మా పెద్దది బడి బ్యాండులో క్లారినెట్ వాయిస్తుంది. ఆటకి మధ్యలో విరామం వస్తుంది కదా, అప్పుడు మైదానమంతా బ్యాండు వాళ్లదే. వందలమంది పిల్లలు వాయిస్తూ నడుస్తూ, నడుస్తూనే ఆకారాలు మారుస్తుంటారు. వేసవి సెలవుల చివర్లో, ఆ టెక్సస్ ఎండలో, కార్ పార్కింగ్‌లో నిలబడి సాధన చేస్తారు. మా ఆవిడ మొదట సణిగింది. ఇప్పుడు బ్యాండు పిల్లలకి మంచినీళ్ల సీసాలందించే తల్లుల బృందానికి తనే పెద్ద.

ఆట ఆడేది పదకొండు మందే కానీ దాని చుట్టూ ఎంతమందికి పనుందో చూడు. బ్యాండు వాళ్లు, డ్యాన్సు బృందం, చీర్‌లీడర్లు, కట్టు కట్టే పిల్లలు, వీడియో తీసేవాళ్లు, తినుబండారాలమ్మే తల్లిదండ్రులు. పరుగెత్తడం చేతకాని పిల్లకి కూడా శుక్రవారం రాత్రి ఒక యూనిఫాం, ఒక స్థానం ఉంటాయి. మన బళ్లల్లో ఆటలపోటీలంటే ఆడేవాళ్లు, చూసేవాళ్లు, అంతే కదా. నాకు బాగా నచ్చిందిదే.

ఇంకో తమాషా. హోంకమింగ్ అని ఒక వారముంటుంది. పాత విద్యార్థులు బడికి తిరిగొచ్చి మ్యాచ్ చూస్తారు. ఆ వారం టెక్సస్ ఆడపిల్లలు ఛాతీ మీద చామంతి పువ్వు పెట్టుకోవాలి. ఒకప్పుడు నిజం పువ్వే. ఇప్పుడు పట్టుగుడ్డతో చేసిన పువ్వు, దానికి నేలదాకా రిబ్బన్లు, గంటలు, బొమ్మలు, కొన్నిటికి లైట్లు కూడా! వందల డాలర్లవుతాయి. మా అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు మనవరాలి అలంకారం చూసి, "ఇదేం చామంతే, అమ్మవారికి వేసే గజమాలంతుంది" అని అలా చూస్తుండిపోయింది.

మనవాళ్లకి బాగా నచ్చే రూలు ఒకటుంది. టెక్సస్‌లో 1984 నుంచి, ఏ సబ్జెక్టులోనైనా తప్పిన పిల్లాడు కొన్ని వారాలపాటు మ్యాచ్ ఆడకూడదు. ఎంత పెద్ద స్టార్ అయినా సరే. ఈ రూలు వచ్చినప్పుడు ఊళ్లల్లో పెద్ద గోలైంది, కోర్టుకి కూడా వెళ్లారు. మా కాలనీ తెలుగు తండ్రులంతా దీన్ని రాజ్యాంగంలో పెట్టాలంటారు.

శనివారం కాలేజీల గురించి రాస్తే ఈ ఉత్తరం తెల్లారినా అవ్వదు. దేశంలో పెద్ద స్టేడియాలన్నీ కాలేజీలవే, మిషిగన్ యూనివర్సిటీది లక్షా ఏడు వేలమంది పట్టేది. నెబ్రాస్కాలో ఎన్ఎఫ్ఎల్ జట్టే లేదు, అక్కడ యూనివర్సిటీ మ్యాచ్‌లకి 1962 నుంచి టికెట్లు మిగల్లేదంటారు. మా బావమరిది ఎంఎస్ చేసిన టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీలో అయితే విద్యార్థులు మ్యాచ్ అయ్యేదాకా కూర్చోరు. 1922 జనవరిలో డాలస్‌లో ఒక మ్యాచ్‌లో వాళ్ల జట్టులో వరసగా దెబ్బలు తగిలి మనుషులు చాలరేమో అనిపించింది. కోచ్ గ్యాలరీలో ఉన్న కింగ్ గిల్ అనే కుర్రాడిని పిలిపించి యూనిఫాం వేయించి పక్కన నిలబెట్టాడు. వాడు మైదానంలోకి దిగే అవసరమే రాలేదు. కానీ చివరిదాకా నిలబడే ఉన్నాడు. అప్పటినుంచి వీళ్లందరూ "అవసరమైతే మేమూ దిగుతాం" అన్నట్టు నిలబడతారు. గుంటూరు నుంచి దిగిన మనవాడు రెండో శనివారానికల్లా మూడున్నర గంటలు నిలబడి గొంతు పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. ఆట నియమాలు మాత్రం వాడికి ఆ ఏడాది చివరిదాకా తెలియవు.

సూపర్ బౌల్ సంగతి నీకు తెలిసిందే. 2025లో సగటున 12 కోట్ల 77 లక్షలమంది చూశారు, ముప్ఫై సెకన్ల ప్రకటన 80 లక్షల డాలర్ల దాకా పలికింది. సగంమంది ప్రకటనల కోసం, పాటల కోసం చూస్తారు. 1993లో మధ్య విరామంలో మైకేల్ జాక్సన్ పాడిన దగ్గర్నుంచి అదో వేరే పండగ. మీ చిన్నమ్మాయి ఆ పాటల వీడియోలు పంపిస్తుంది కదా, దానికి తెలిసినంత నాకు తెలీదు. నాకైతే థాంక్స్‌గివింగ్ గురువారమే ఇష్టం. ఆ రోజు డెట్రాయిట్ 1934 నుంచి, మా డాలస్ 1966 నుంచి ఆడుతున్నాయి. ఇంట్లో అందరూ ఉంటారు, టర్కీ బదులు మాకు బిర్యానీ, టీవీలో మ్యాచ్. ఎవరూ శ్రద్ధగా చూడరు, ఎవరూ కట్టేయరు.

ఇక నేను అడుగుతానన్న విషయం. చిన్నోడు వచ్చే ఆగస్టుకి ఏడో తరగతి. ఇక్కడ ఏడు నుంచే బడిలో హెల్మెట్లతో, గుద్దుకునే ఫుట్‌బాల్ మొదలవుతుంది. వాడు చేరతానంటున్నాడు. వాడికి మంచి ఒళ్లుంది, మీ బాబాయి పోలిక. మా ఆవిడ ససేమిరా అంటోంది.

తన భయం ఉత్తదేం కాదు. ఈ ఆట పుట్టినప్పటి నుంచీ ఈ గొడవుంది. 1905లో ఒక్క ఏడాదిలో 18 మంది దాకా చనిపోతే ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ కాలేజీల వాళ్లని వైట్‌హౌస్‌కి పిలిచి మాట్లాడాడు. మరుసటేడు బంతిని ముందుకి విసరడాన్ని అనుమతించారు. అప్పటిదాకా ఒకర్నొకరు తొక్కుకోవడమే. ఇప్పుడు మనమంతా చప్పట్లు కొట్టే ఆ పొడుగు పాసులు ప్రాణాలు కాపాడే ప్రయత్నంలో వచ్చినవే. కానీ తలకి తగిలే దెబ్బలు ఆగలేదు. మైక్ వెబ్‌స్టర్ అని నాలుగు సూపర్ బౌల్‌లు గెలిచిన ఆటగాడు 2002లో యాభై ఏళ్లకే పోయాడు. చివరి రోజుల్లో మతి చెడి, కారులో పడుకునేవాడు. నైజీరియా నుంచొచ్చిన బెనెట్ ఒమాలు అనే డాక్టరు ఆయన మెదడు పరీక్షించి, దెబ్బల వల్ల వచ్చిన జబ్బని బయటపెడితే లీగ్ ఆయన మీదే విరుచుకుపడింది. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్లు మాజీ ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్ల మెదళ్లు 111 చూస్తే 110లో ఆ జబ్బు కనిపించింది. అనుమానమున్న కుటుంబాలే ఎక్కువగా ఇచ్చి ఉంటాయి కాబట్టి ఆడినవాళ్లందరికీ ఇదే లెక్క వర్తించదు. అయినా ఆ అంకె చదివాక సోఫాలో హాయిగా కూర్చోలేవు. చూడ్డం నేనూ మానలేదు, నిజం చెప్పాలంటే.

బడివాళ్లు తలదెబ్బల గురించి ఒక ఫారం ఇస్తారు. లక్షణాలు, జాగ్రత్తలు అన్నీ రాసి ఉంటాయి, చదివామని పిల్లాడూ తల్లిదండ్రులూ సంతకం పెట్టాలి. దాన్ని ఇంటర్నెట్‌లో ముందే తీసి చదివాను. నా సంతకం ఎటూ తేలడం లేదు. ఫ్లాగ్ ఫుట్‌బాల్ అని ఇంకోటుంది, గుద్దుకోవడాలుండవు, నడుముకి కట్టిన పట్టీ లాగితే చాలు. 2028లో లాస్ ఏంజలెస్ ఒలింపిక్స్‌లో అదీ ఉంది, మన క్రికెట్టూ ఉంది. "అందులో చేరు" అంటే చిన్నోడు, "దానికి శుక్రవారం రాత్రి బ్యాండు వాయించరు నాన్నా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.

నువ్వు కబడ్డీలో భుజం విరగ్గొట్టుకున్నవాడివి, ఇప్పుడు మీ వీధి పిల్లలకి అదే ఆట నేర్పిస్తున్నవాడివి. చెల్లెమ్మ వద్దంటున్నా మీవాణ్ని కూతకి పంపించావు కదా, ఎలా ఒప్పుకున్నావు? ఏ వయసుకి సరే అనిపించింది? మొహమాటపడకుండా రాయి, మా ఆవిడకి కూడా చదివి వినిపిస్తాను.

వచ్చే అక్టోబరులో మీ పెద్దమ్మాయి దగ్గరికి వస్తానన్నావు కదా, ఒక శుక్రవారం ఖాళీగా ఉండేలా చూసుకుని విమానం టికెట్లు తీసుకో. కౌబాయ్స్ టికెట్ అడక్కు, నా జీతం చాలదు. బడి మ్యాచ్‌కి తీసుకెళ్తా, దాని ధర ఒక సినిమా టికెట్టంత కూడా ఉండదు. మూడో అవకాశం, రెండు గజాలు మిగిలినప్పుడు నువ్వేం చెప్తావో వినాలని ఉంది. పక్కింటి పోస్ట్‌మ్యాన్ గారిని కూడా పిలుస్తాను, మీ ఇద్దరికీ భాష కలవకపోయినా వాదన మాత్రం బాగా కుదురుతుంది. రాత్రిపూట చలి ఉంటుంది, స్వెట్టర్ తెచ్చుకో.

అమ్మ మోకాలు ఎలా ఉందో రాయలేదు నువ్వు. అదీ రాయి.

నీ
రమణ